బ్యాటరీకి జానెడు దూరం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కోదాడలో ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. వెనక బెంచీలో ఎవడైనా ఆవలిస్తే చాలు, నా చేతిలో చాక్‌పీసు వాడి నెత్తి మీద ఉండేది. మురళీధర్ సారంటే పిల్లలకు హడల్. దాన్ని నేను గౌరవం అనుకునేవాణ్ని. ఇప్పుడు చెప్పబోయేది సూర్యాపేటలో బండ్లకు వైరింగ్ చేసుకుని బతికిన మట్టయ్య గురించి. అయితే నా కోపం సంగతి ముందు తెలియకపోతే ఆయనకు జరిగింది మీకు అర్థం కాదు.

మట్టయ్యది తుంగతుర్తి అవతల ఒక పల్లె. ఆరో తరగతి తప్పి, సూర్యాపేట హైవే మీద లారీ షెడ్డులో చేరి, డైనమోలకు తీగ చుట్టడం నేర్చుకున్నాడు. తర్వాత పాత హైవే పక్కన సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. బైపాస్ పడ్డాక లారీలు ఊళ్లోకి రావడం మానేశాయి, పక్క షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మట్టయ్య షెడ్డు మాత్రం నడిచింది. అంబులెన్సుల వాళ్లు, మైకు ఆటోల వాళ్లు, ట్రాక్టరుకు పాటల సెట్టు పెట్టించుకునేవాళ్లు హుజూర్‌నగర్ నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. మట్టయ్య చెయ్యి పడితే మళ్లీ బానెట్ ఎత్తే పనుండదని అనేవారు. ఆ ఒక్క మాటే ఆయన ఆస్తి. ఇల్లు కిరాయిది, పిల్లలు లేరు. భార్య సైదమ్మ, ఆయన, అంతే సంసారం.

నా పిచ్చి నాకుంది. హ్యామ్ రేడియో. పరీక్ష రాసి లైసెన్సు తీసుకుని, సొంత సెట్టు పెట్టుకుని, ఎక్కడో దూరాన ఉన్న మనలాంటి పిచ్చివాళ్లతో మాట్లాడుకునే సరదా అది. పనిలేని సరదా అని మా ఆవిడ ప్రశాంతి సాధించేది. కానీ వరదలొచ్చి సెల్ టవర్లు పడుకున్నప్పుడు మా సెట్లే మాట్లాడతాయి. అందుకని నేనూ ఇద్దరు మిత్రులూ కలిసి ఒక పాత జీపు కొన్నాం. నడపడానికి సోమ్లాను పెట్టుకున్నాం. మిర్యాలగూడ దగ్గర తండా కుర్రాడు, ముప్పై ఏళ్లుంటాయి. నీళ్లలో బండి పోనివ్వడంలో మొనగాడు. జీపుకు సెట్టు ఎవరితో బిగించాలని అడిగితే అందరూ మట్టయ్య పేరే చెప్పారు.

మట్టయ్య మాట తక్కువ మనిషి. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేవాడు. సెట్టు తిప్పి చూసి, ఎన్ని ఆంపియర్లు లాగుతుందని అడిగాడు. పన్నెండు అన్నాను. "గీ బండిల ఉన్న సన్న తీగలు ఆగయ్ సార్" అని బ్యాటరీ నుంచే నేరుగా రెండు లావు తీగలు లాగాడు. ఎర్ర తీగకు బ్యాటరీ నుంచి సరిగ్గా జానెడు దూరంలో ఫ్యూజ్ పెట్టాడు. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకులో తీగ దూరే బెజ్జానికి, అంచు కోసుకోకుండా రబ్బరు బుష్ తొడిగాడు. దాన్ని వేలితో తిప్పి చూశాడు. మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ తిప్పి చూశాడు.

అంతా అయ్యాక, సెట్టు తగిలించకముందే, నన్ను పిలిచి ఎర్ర తీగ కొస నా చేతికిచ్చాడు.

"బాడీకి ముట్టియ్యండి సార్."

"షార్ట్ అవుతుంది కదయ్యా."

"అయితది. ముట్టియ్యండి."

ముట్టించాను. చిటుక్కుమని ఒక మెరుపు, అంతే. ఫ్యూజ్ పోయింది, తీగ చల్లగా ఉంది. పోయిన ఫ్యూజ్ తీసి కొత్తది పెట్టాడు. ప్రతి బండికీ ఇదే తంతు. ఓనరు తన చేత్తో ఒక ఫ్యూజ్ పోగొట్టి చూసుకునేదాకా మట్టయ్య తాళంచెవి ఇచ్చేవాడు కాదు.

"ఫ్యూజ్ సెట్టు కోసమని అందరనుకుంటరు సార్. గది తీగ కోసం. బ్యాటరీకి, ఫ్యూజ్‌కు నడుమ తీగ ఎంతుంటే గంత దిక్కులేని తీగ. జానెడు దాటొద్దు."

నేను చెప్పిన పుస్తకాల్లో ఈ మాట లేదు. నాకు నచ్చింది. నచ్చిందని ఆయనతో అనలేదు, ఎవరితోనూ అంత తేలిగ్గా అనే అలవాటు నాకు లేదు.

రెండేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. మూడో ఏడు వానాకాలంలో హుజూర్‌నగర్ వైపు పొలాలు మునిగి మమ్మల్ని పిలిచారు. నేను నా తెలివి చూపించి, జనాన్ని కేకేయడానికి ఒక మైకు ఆంప్లిఫయర్‌ను కూడా అదే తీగకు తగిలించాను. రెండూ కలిసి లాగేసరికి ఫ్యూజ్ పోయింది. వానలో దిగి, బానెట్ ఎత్తి, కళ్లద్దాల మీద నీళ్లు కారుతుంటే తడుముకుంటూ కొత్తది పెట్టాను. గంటకు అదీ పోయింది. గొడుగు కింద నిలబడ్డ ఒక ఆఫీసరు "ఏం మాస్టారూ, మీ రేడియోకి జలుబు చేసిందా" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే జీపు వేసుకుని సూర్యాపేట వెళ్లాను.

"ఈ ఫ్యూజ్ తీసి డాష్‌బోర్డు కింద పెట్టు. కూర్చున్నచోటి నుంచే మార్చుకుంటాను" అన్నాను.

మట్టయ్య తల అడ్డంగా ఊపాడు. "గాడ పెడితే ఫ్యూజ్ ఉన్నా లేనట్టే సార్. మైకుకు యేరే తీగ, యేరే ఫ్యూజ్ ఏస్త. పొద్దుగూకే దాక బండి ఉంచుండ్రి."

"నాకంత టైము లేదు. చెప్పింది చెయ్యి."

"గది నేను చెయ్య సార్."

షెడ్డులో అప్పుడు నలుగురైదుగురు ఉన్నారు. ఇంతమంది ముందు నన్ను కాదంటాడా అని ఒళ్లు మండిపోయింది. "ఆరో తరగతి తప్పినవాడివి, నాకు ఫిజిక్స్ చెప్తావా?" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. మట్టయ్య ముఖం నల్లబడింది. తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మీరు పెద్ద సదువు సదివిండ్రు సార్. నాకు తెలిసింది నేన్ సెప్పిన" అన్నాడు.

ఆదివారం నాడు ఇంటి ముందు జీపు పెట్టుకుని ఆ పని నేనే చేశాను. జానెడు దూరంలో ఉన్న ఫ్యూజ్‌ను కోసి తీసేశాను. తీగను క్లచ్ పెడల్ పక్కనున్న బెజ్జంలోంచి దగ్గరిదారిన లోపలికి లాగి, సెట్టు పక్కన ఫ్యూజ్ పెట్టాను. ఆ బెజ్జానికి బుష్ లేదు. నల్ల టేపు రెండు చుట్లు చుట్టి, ఇంతోటి పనికి సూర్యాపేట దాకా పోవాలా అనుకున్నాను. అంటే బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు దాకా ఉన్న తీగంతా మట్టయ్య చెప్పిన దిక్కులేని తీగ అయింది. ఎక్కడైనా తెగి రేకుకు తగిలితే ఆపేవాడు లేడు. పదకొండు నెలలపాటు ఆ రేకు అంచు ముందు టేపును, తర్వాత తీగ తొడుగును కొరుకుతూనే ఉంది. నేను ఒక్కసారి కూడా వంగి చూడలేదు. సోమ్లాకు కూడా ఈ సంగతి చెప్పలేదు, వాడు అప్పుడు సెలవులో తండాకు పోయి ఉన్నాడు.

మూడేళ్ల కింద ఆగస్టు చివర్లో కోదాడ దగ్గర ఒక చెరువు కట్ట తెగి, అవతలి ఊరు నీళ్లలో చిక్కుకుంది. మధ్యాహ్నం మూడు గంటలు. జీపును మెరక మీద ఆపి, అవతల ఉన్న మా మిత్రుడితో సెట్టులో మాట్లాడుతూ పడవను ఏ వైపుకు పంపాలో చెబుతున్నాం. నేను దిగి పడవ వాళ్ల దగ్గరికి నడిచాను. వెనక నుంచి కేక వినపడింది. తిరిగి చూస్తే డాష్‌బోర్డు కింద నుంచి పొగ, ఆ వెంటనే మంట. తీగ ఎర్రగా కాలి, కింది మ్యాటు అంటుకుని, సీటు వెనకున్న డీజిల్ డబ్బా దాకా పాకింది. సోమ్లా బయటే ఉన్నాడు. సెట్టు పోతే అవతలి జనంతో మాట తెగిపోతుందని లోపలికి దూరి, మండుతున్న సెట్టును రెండు చేతులతో పట్టి గుంజాడు. సెట్టు ఊడి రాలేదు.

సోమ్లా చేతుల గురించి ఎక్కువ రాయలేను. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. దవాఖానలో నాలుగు నెలలు ఉన్నాడు. ఇప్పుడు స్టీరింగ్ పట్టుకోలేడు, ముద్ద కలుపుకోలేడు.

మర్నాడు ఎవరో వచ్చి వైరింగ్ చేసిందెవరని అడిగి కాగితం మీద రాసుకున్నారు. "సూర్యాపేట మట్టయ్య" అన్నాను. అబద్ధం కాదు. చేసింది మట్టయ్యే. తర్వాత మార్చింది నేనని మాత్రం చెప్పలేదు. ఆ కాగితం ఏమైందో తెలియదు, కేసూ లేదు, గీసూ లేదు. కానీ మాట ఊరుకుంటుందా, వారం తిరక్కుండా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టేసింది. మట్టయ్య వైరింగ్ చేసిన బండి కాలిపోయిందట, డ్రైవరు చేతులు పోయాయట.

నాలుగో రోజు పొద్దున్నే మట్టయ్య మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు.

"బండి యాడున్నది సార్? ఒక్కపాలి సూస్త."

బండిని ముందురోజే పాత ఇనుము వాళ్లకు అప్పగించాను. ఎందుకంత తొందరపడ్డానో మీరు ఊహించగలరు.

"లేదు మట్టయ్యా. ఏమీ మిగల్లేదు."

"ఫ్యూజ్ పోకుంట మంట రావద్దు సార్. నేను పెట్టినకాడికెల్లి మీరేమన్న జరిపిచ్చిండ్రా?"

అడగనే అడిగాడు. నా కళ్లలోకి చూసి అడిగాడు. చెప్పు మురళీధర్, ఇప్పుడన్నా చెప్పు అని లోపల గోల. వంటింట్లో ప్రశాంతి గిన్నెలు కడుగుతోంది, ఆ చప్పుడు ఆగింది.

"లేదు" అన్నాను.

మట్టయ్య మెడలోని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గట్లయితే బుష్ నేనే మరిసిన్నేమో" అని తనలో తాను అనుకున్నాడు. మంచినీళ్లు తాగుతావా అని అడిగాను. వద్దని వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి ఆయన కొత్త పని ముట్టలేదు. తాను సెట్లు బిగించిన బండ్లన్నీ నెంబర్లతో సహా ఆయనకు గుర్తే. వాటిని ఒక్కొక్కటే వెతుక్కుంటూ బస్సులెక్కాడు. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, అటు సాగర్ దాకా తిరిగాడు. ఒకసారి నా కళ్లారా చూశాను. కోదాడలో నేను చాయ్ తాగుతున్న హోటల్ ఎదురుగా ప్రేమ్ కుమార్ అనే మైకు ఆటో అతని ముందు మట్టయ్య నిలబడి ఉన్నాడు.

"సీటు ఎత్తరాదు బిడ్డా. ఫ్యూజ్ సూసి పోత. పైసలద్దు."

"నీ చెయ్యి పడితే బండ్లు కాలతన్నాయంట కదా పెద్దాయనా. నా ఆటోనన్నా బతకనియ్యి" అన్నాడు ప్రేమ్ కుమార్ నవ్వుతూ.

అయినా సీటు ఎత్తాడు. మట్టయ్య మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి పెట్టి, చాలాసేపు తడుముతూనే ఉన్నాడు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. సగం చాయ్ వదిలేసి వెనక దారిన ఇంటికొచ్చాను, ఆ రోజంతా ప్రశాంతి మీద చిన్నదానికీ పెద్దదానికీ విరుచుకుపడ్డాను.

మిర్యాలగూడలో ఒక అంబులెన్సు దగ్గర ఆయనకు వెతుకుతున్నది దొరికింది. బెజ్జానికి బుష్ లేదు. మధ్యలో ఇంకో మెకానిక్ ఏసీ పని కోసం ఆ తీగలన్నీ పీకి మళ్లీ తోశాడని ఆ డ్రైవరు మట్టయ్యకు చెప్పాడట. ఆయన వినలేదు. "ఈడ మరిసిన్నంటే సార్ జీపుకు గూడ మరిసే ఉంట" అన్నాడట. అప్పటికే కళ్లకు శుక్లాలు వస్తున్నాయి, కళ్లే మోసం చేశాయని గట్టిగా నమ్మేశాడు. సూర్యాపేట వచ్చి షెడ్డులో సామానంతా తూకానికి అమ్మేశాడు. సైదమ్మ ఒక హాస్టల్లో వంట పనికి కుదిరింది. ఇవన్నీ నాకు ఎవరో ఒకరు మోసుకొచ్చి చెబుతూనే ఉన్నారు. నేను వింటూనే ఉన్నాను. ఇంతకంటే సిగ్గులేని బతుకు ఇంకోటి ఉంటుందా?

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒక పెళ్లికని మిర్యాలగూడ వెళ్లాను. బస్టాండులో సోమ్లా, వాడి భార్య కనపడ్డారు. ఎట్లున్నావని అడిగాను. అడగకపోయినా వాడే మట్టయ్య సంగతి ఎత్తాడు.

"నెల నెల తండకొస్తడు సార్. నాకు అన్నం కలిపి పెడ్తడు. నన్ను తిట్టరాదు బిడ్డా అంటడు. ఏమని తిట్టాలె ముసలాయనను? పోయేటప్పుడు నా కాళ్లు మొక్కపోతడు. నాకు పాపం గాదా సార్?"

అక్కడే, ఆ జనంలోనే, చెప్పేశాను. ఆదివారం, బెజ్జం, టేపు, అన్నీ. సోమ్లా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సోమ్లా తన చేతుల వంక చూసుకున్నాడు. వాడు నన్ను తంతాడేమోనని చూశాను, తన్నితే బాగుండుననీ అనుకున్నాను.

"నాకెందుకు సెప్తున్నవ్ సార్" అన్నాడు చివరికి. "నా చేతులైతే రావు. పోయి ఆయనకు సెప్పు."

పెళ్లికి పోలేదు. అట్నుంచి అటే సూర్యాపేట బస్సెక్కాను.

మట్టయ్య ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సగమయ్యాడు. మట్టయ్యా అని పిలిస్తే, చూపు ఆనక నన్ను గొంతుతో గుర్తుపట్టి గబుక్కున లేచి నిలబడ్డాడు. "సైదా, మురళీధర్ సార్ ఒచ్చిండు, కుర్చీ ఎయ్యి, చాయ్ పెట్టు" అని కేకేశాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాను. ఆగితే మళ్లీ నోరు పెగలదని తెలుసు. మొత్తం చెప్పాను.

"ఏ బెజ్జం సార్?" అని అడిగాడు మధ్యలో.

"క్లచ్ పెడల్ పక్కది."

"గాడ అంచు పదునుంటది" అన్నాడు. ఎన్నో ఏళ్ల పనివాడి గొంతు అది. హమ్మయ్య, నమ్మాడు అనుకున్నాను. నేను చెప్పడం అయ్యాక ఆయన నెమ్మదిగా నవ్వాడు.

"సోమ్లా పంపిండా సార్ మిమ్ముల?"

"ఎవరూ పంపలేదు. చేసింది నేను. నా చేత్తో చేశాను."

"నేను మీ గడపకాడ నిలవడి అడగలేదా సార్? ఫ్యూజ్ జరిపిచ్చిండ్రా అని. లేదన్నరు. మీరు అబద్ధమాడెటోళ్లు గాదు."

"అప్పుడాడిందే అబద్ధం మట్టయ్యా. ఇప్పుడు చెప్పేది నిజం."

"ఊకోండి సార్. పిల్లలకు ఫిజిక్స్ సెప్పెటోళ్లు. ఫ్యూజ్ యాడుండాల్నో మీకు తెల్వదా? నేను ముట్టిచ్చి సూపిచ్చిన గూడ."

ఒట్టు పెట్టాను. అమ్మ మీద పెట్టాను. ఇప్పుడే రా, సూర్యాపేటలో ఉన్న మెకానిక్‌లందరినీ పిలువు, అందరి ముందూ చెప్తానన్నాను. గొంతు పెద్దదైంది, ఆయన మీద కూడా అరిచాను. నిజం నమ్మమని ఒక మనిషి మీద అరిచిన మొదటివాణ్ని నేనే అయ్యుంటాను. మట్టయ్య నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"నా పేరు ఎట్లాగు పాయె. మీ పేరు గూడెందుకు సార్ ఖరాబు చేసుకునుడు? ముసలోడు పరేషాన్ అయితున్నడని నా తప్పు మీ నెత్తిన ఏసుకుంటానికి గింత దూరం ఒచ్చిండ్రు. గిది సాలు నాకు. ఇగ ఏమద్దు."

ఆయన కళ్లనీళ్లు నా చేతి మీద పడ్డాయి. నా బతుకులో నన్ను ఎవరూ అంత పెద్దవాణ్ని చేయలేదు. ఇంకేం చెప్పినా ఆ మంచితనమే పెరుగుతుందని అర్థమై నోరు మూసుకున్నాను. గుమ్మంలో సైదమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో, చాయ్ నాకు ఇవ్వలేదు.

నేను బయల్దేరితే రోడ్డు దాకా నా వెనకే వచ్చింది. ఇల్లు కనపడనంత దూరం వచ్చాక ఆగింది.

"నేన్ నమ్మిన సారు" అంది.

నేను తల ఎత్తలేకపోయాను.

"నాడు గడపకాడ అడిగినప్పుడే సెప్తే ఆయన గూడ నమ్మెటోడు."

"మళ్లీ వస్తానమ్మా. సోమ్లాను తీసుకొస్తాను, మా ఆవిణ్ని తీసుకొస్తాను. ఆయన నమ్మేదాకా వచ్చి చెప్తాను."

"రాకుండ్రి" అంది సైదమ్మ. "మీరు పోంగనే మీరెంత మంచోళ్లో నాకు సెప్పుడు మొదలువెడ్తడు. పొద్దుగూకే దాక గదే సెప్తడు. గది నేను కూసోని ఇనాలె గద సారు."